చెవుల్లేని రేడియో

చీఫ్ హాస్కెల్ మామూలు పని అప్పగించేటప్పుడు కాఫీ ఇప్పిస్తాడు. ప్రాణం మీదికి వచ్చే పనైతే దానికి తోడు చెర్రీ పై అనే పళ్ళ రొట్టె కూడా ఇప్పిస్తాడు. ఆ మార్చి ఉదయం డెట్రాయిట్ శివార్లలోని లారీల హోటల్లో ఏజెంట్ ఓరిన్ టాల్మడ్జ్ ముందుకు ఏకంగా రెండు పై ముక్కలు వచ్చాయి.

"తిను," అన్నాడు చీఫ్.

"ముందు పనేమిటో చెప్పండి సార్. తరవాతైతే గొంతు దిగదు."

"ఓడల్ని చూడాలి."

"చూసి?"

"చూడటమే పని. రిటైరైనవాడివి. పొద్దుపోక రేడియోతో ఓడల్ని వెంబడించే సరదా పట్టుకుంది నీకు. అదే నీ వేషం."

టాల్మడ్జ్ ఫోర్కు కింద పెట్టాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో వంటవాడి వేషం కట్టాడు, పాస్టరు వేషం కట్టాడు, ఒకసారి శవం వేషం కూడా కట్టాడు. యంత్రాల వేషం మాత్రం ఎప్పుడూ వద్దన్నాడు. అతని చేతిలో కొత్త ఫోను కూడా వారం తిరగకుండా మొండికేస్తుంది.

"ఇంకెవరూ దొరకలేదా?"

"దొరికినవాళ్ళ ముఖాలన్నీ వాళ్ళకు తెలుసు. నీ ముఖం మరిచిపోయి చాలాకాలమైంది."

అది పొగడ్తో తిట్టో టాల్మడ్జ్‌కు అర్థం కాలేదు.

చీఫ్ గొంతు తగ్గించాడు. 'వెస్టా రివా' అనే విదేశీ సరుకు ఓడ ఏప్రిల్ చివర్లో హ్యూరన్ సరస్సు మీదుగా సెయింట్ క్లెయిర్ నదిలోకి దిగుతుంది. దానిలో ఒక నావికుడున్నాడు. ఆఫీసులో అతనికి పెట్టిన పేరు గువ్వ. అవతలి దేశం వాళ్ళు మన రేవుల్లో పరిచిన గూఢచారి ముఠాను అతను కళ్ళారా చూశాడు. కాగితం మీద ఒక్క ముక్క లేదు, ఉన్నదంతా అతని తలలోనే. హెరన్ బెండ్ అనే ఊరి దగ్గర, నది మలుపులో ఓడలకు గుర్తుగా నీళ్ళ మీద తేలే ఎర్ర దీపం బోయా ఒకటి ఉంది. ఓడ దాన్ని దాటగానే గువ్వ నీళ్ళలోకి దూకుతాడు.

"ఏప్రిల్ నీళ్ళలోకా?"

"అందుకే పడవ అక్కడ సిద్ధంగా ఉండాలి. కాస్త ఆలస్యమైనా మనకు దొరికేది శవం. అలాగని ముందే వెళ్ళి కాచుకుంటే సరిహద్దు గస్తీవాళ్ళు వచ్చి ఏం చేపలు పడ్డాయని అడుగుతారు. ఓడ మలుపుకు వచ్చే వేళకు కచ్చితంగా పడవ బయల్దేరాలి. ఆ మాట చెప్పేది నువ్వు."

"ట్రాఫిక్ ఆఫీసును అడిగితే ఓడ ఎక్కడుందో వాళ్ళే చెబుతారు కదా."

"అడక్కూడదు. అక్కడ ఎవరి చెవి ఎవరిదో తెలియదు. నీ రేడియోనే దిక్కు. భయపడకు, ఆ ఊళ్ళో మన మనిషి ఉంది. కొరీన్ బెలాంజే. ఓడలు చూసేవాళ్ళ క్లబ్బుకు ప్రెసిడెంటు. అంతా నేర్పిస్తుంది." చీఫ్ రెండో ముక్క కూడా అతని వైపు తోశాడు. "తిను మరి."

*

హ్యూరన్ నీళ్ళు వంతెన కింద దూరి దక్షిణానికి పరుగెత్తుతాయి. నది మోచేయి తిరిగే చోట ఇటు ఒడ్డున హెరన్ బెండ్, అటు ఒడ్డున కెనడా. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళకు ఓడలే పిచ్చి. పెద్ద ఓడ ఏదైనా తన పేరు, తానున్న చోటు, తన వేగం రేడియోలో క్షణక్షణం చెప్పుకుంటూ పోతుంది. వేలెడంత రిసీవరు, ఒక యాంటెన్నా, ఒక కంప్యూటరు ఉంటే ఎవరైనా వినవచ్చు. చిన్నపిల్లలు కూడా చేస్తారని క్లబ్బువాళ్ళు చెబుతారు. ఆ మాటే టాల్మడ్జ్ ఒంటికి కారం రాసినట్టుండేది.

టోలెడోలో బూట్లు అమ్మి రిటైరైన హ్యూబర్ట్‌నని చెప్పి, మందపాటి కళ్ళద్దాలు పెట్టుకుని, ఇర్మా లాబాడీ అనే వితంతువు ఇంట్లో అతను అద్దెకు దిగాడు. నది కనిపించే కిటికీ ఆ ఇంట్లో ఒకటే ఉంది, అది వంటింట్లో ఉంది. ఆ కిటికీ గట్టు మీద అప్పటికే టమాటా నారు ట్రేలు బారులు తీరి ఉన్నాయి. వాటి మీద ఊదారంగు ఎల్ఈడీ దీపం వేలాడుతోంది.

"ఈ మూల నీది," అంది ఇర్మా, జానెడు చోటు చూపించి. "మిగతాదంతా వాళ్ళది."

"వాళ్ళెవరమ్మా?"

"టమాటాలు."

గాలపు బద్ద పెట్టుకునే గొట్టంలో దాచి ఆఫీసు పంపిన సామాను బయటికి తీశాడు. వేలెడంత రిసీవరును కంప్యూటరుకు తగిలించాడు. కంప్యూటరు దాన్ని టీవీ అనుకుంది. ఛానెళ్ళు వెతకమంటావా అని అడిగింది. వద్దన్నాడు. మళ్ళీ అడిగింది. రెండు రోజులు అది అడగటం, ఇతను వద్దనటం. మూడో రోజు కొరీన్ వచ్చి, పాత డ్రైవరు ప్రోగ్రాము పీకేసి కొత్తది వెయ్యాలని చెప్పి, నవ్వుతూ నిమిషంలో చేసి పెట్టింది.

ఆమె నవ్వితే ఎవరికైనా తమ తప్పే అందంగా కనిపిస్తుంది. ఎర్ర కోటు, తెల్ల గ్లోవ్సు, నది గాలికి కూడా చెదరని జుట్టు. రెండిళ్ళ అవతలే ఉంటుంది. ఆమె పెరట్లో కొబ్బరిచెట్టంత ఎత్తు స్తంభం, దాని కొసన యాంటెన్నా. సరస్సు మీద నలభై మైళ్ళ దూరంలో ఓడ తుమ్మినా ఆమె స్క్రీన్ మీద పడుతుందని ఊళ్ళో అనుకుంటారు.

ఆఫీసు పంపిన యాంటెన్నాను ఆమె రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. "ఇది విమానాలది."

"అంటే?"

"విమానాల మాటలు వినేందుకు కోసిన పొట్టి తీగ. ఓడలకు మూరెడు తీగ కావాలి. మీ ఆఫీసువాళ్ళు ఆకాశం వైపు చూస్తూ పని చేస్తారనుకుంటా."

టాల్మడ్జ్ చీఫ్‌కు ఫోను చేశాడు. ఇంకోటి పంపాలంటే ఆరు వారాలన్నారు. ఓడ అంతకన్నా ముందే వస్తుందని చెబితే, ఓడను కాస్త ఆగమనలేవా అని సామాన్ల విభాగం గుమాస్తా నిజంగానే అడిగాడు.

కోటు తగిలించుకునే ఇనుప హేంగరు విరిచి, కొలిచి, కోసి, తీగ చేశాడు. గట్టు మీద ట్రేల వెనక పడుకోబెట్టాడు. ఒక్క ఓడా రాలేదు. కొరీన్ వచ్చి చూసింది.

"శిష్యా, ఓడల యాంటెన్నాలు నిలబడి ఉంటాయి. నీదేమో పడుకుని నిద్రపోతోంది. వాళ్ళ మాట నీకెలా వినబడుతుంది? నిలబెట్టు. మొదటి పాఠం చెబుతా, రాసిపెట్టుకో. యాంటెన్నా లేని రేడియో చెవుల్లేని మనిషి. ఆ చెవి ఎంత ఎత్తున ఉంటే అంత దూరం వినిపిస్తుంది."

ఎత్తు కోసం కప్పు మీదికి ఎక్కుతానని ఇర్మాను అడిగాడు. ఆమె కూరగాయలు తరిగే కత్తి ఆపకుండానే జవాబిచ్చింది.

"నా మొగుడు బతికుండగా ఆ కప్పు మీద ఒక్క మేకు కొట్టాడు. పదేళ్ళు కారింది. ఆయన పోయాక మాన్పించాను. నువ్వు ఇంకోటి కొడితే నిన్ను కూడా మాన్పిస్తాను నాయనా."

తీగను కిటికీలోనే నిలబెట్టాడు. కేబులు చాలక మేడ మీది నుంచి పాత టీవీ కేబులు తెచ్చి అతికాడు. అది దారిలోనే సగం సిగ్నల్‌ను మింగేస్తుందని తరవాత తెలిసింది. ఇంతా చేస్తే, ఓడ సరిగ్గా కిటికీ ముందుకు వచ్చి, దాని పొగగొట్టం మీది రంగు కళ్ళకు కనబడుతున్నప్పుడు, దాని పేరు స్క్రీన్ మీద ప్రత్యక్షమయ్యేది. మలుపు తిరగ్గానే మాయమయ్యేది.

"దీనికంటే కళ్ళద్దాలు నయం కదూ," అంది ఇర్మా, భుజం మీది నుంచి తొంగిచూసి.

ఒకరోజు ఇర్మా దుమ్ము తుడవటానికి ఊదా దీపం ఆర్పింది. ఆ క్షణంలో స్క్రీన్ నిండిపోయింది. వంతెన అవతలవి, సరస్సు మీదవి, ఎక్కడెక్కడివో ఓడలు చీమల్లా పాకాయి. టాల్మడ్జ్ కుర్చీలోంచి లేచాడు. ఆమె దీపం వేసింది. ఓడలన్నీ పోయాయి. అంటే ఇన్నాళ్ళూ తన చెవిలో హోరు పెడుతున్నది ఆ దీపమే.

"అమ్మా, రోజూ ఒక గంట ఆర్పితే..."

"నారుకు వెలుగు తక్కువైతే సన్నగా సాగి వాలిపోతుంది. కిందటేడు సంతలో నాకు రెండో బహుమతి. ఈ ఏడు ఎవరికీ రెండోది కాను. సూర్యుడికైనా సెలవిస్తాను గానీ దీనికివ్వను."

ఆ రాత్రి అతను తలగడను గుద్దాడు. శత్రువులు ఇంతగా ఎప్పుడూ సతాయించలేదు.

*

పడవ మనిషి డెల్ రూపర్ట్. వాలై చేపలు పడతాడు, మాటలు పడనివ్వడు. అతని పడవ ఇర్మా కిటికీకి సరిగ్గా దిగువన, చెక్క రేవుకు కట్టి ఉంటుంది. ఏప్రిల్ మూడో వారంలో టాల్మడ్జ్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"నేను ఫోన్ చేసి 'వల వెయ్యి' అంటాను. నువ్వు బోయా దగ్గరికి వెళ్ళాలి."

డెల్ గాలానికి ఎర గుచ్చాడు. "ఈ నది మీద ఫోన్లు ఒక్కోసారి అటు ఒడ్డు టవరు పట్టుకుని కెనడా ఫోన్లయిపోతాయి. మోగవు."

"మరెలా?"

డెల్ గడ్డంతో పైకి చూపించాడు. పట్టపగలు కూడా కిటికీలో ఊదా మచ్చ వెలుగుతోంది. "మంచులో కూడా కనబడుతుందది. ఇర్మా ఎప్పుడూ ఆర్పదు. అది ఆరిందంటే బయల్దేరతా."

"కొరీన్‌కు చెప్పనా?"

"ఎందుకు?"

"మనలో మనిషి కదా."

"ఇద్దరం చాలు," అన్నాడు డెల్. "మూడో మనిషికి తెలిస్తే పడవలో చోటుండదు."

టాల్మడ్జ్ సరేనన్నాడు. తిరిగి వస్తూ మెట్ల మీద ఆగిపోయాడు. దీపం ఆర్పితేనే రేడియో వింటుంది. ఓడ వచ్చేదాకా దీపం ఆర్పకూడదు. తన కాళ్ళకు తానే బంధం వేసుకున్నాడు. చీఫ్‌కు చెబుదామని ఫోను తీశాడు. అది కెనడా ఫోను అయిపోయింది.

*

ఏప్రిల్ చివరి బుధవారం తెల్లవారేసరికి నది లేదు. మంచు కిటికీ దాకా వచ్చి నిలబడింది. ఒడ్డు కూడా కనబడటం లేదు. అలాంటి రోజున కళ్ళద్దాలు దండగ. ఇక రేడియోనే దిక్కు.

కొరీన్ కాఫీ ఫ్లాస్కుతో వచ్చింది. కోటు విప్పి కుర్చీకి తగిలించి, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని అతని పక్కన కూర్చుంది. ఇర్మా వెనక గదిలో బట్టలు మడతపెడుతోంది.

"నీ డబ్బాను నమ్ముకోకు. నా స్క్రీన్ ఇప్పుడే చూసి వచ్చాను. వెస్టా రివా ఇంకా సరస్సు మీదే ఉంది. మలుపుకు రావటానికి గంట పైనే పడుతుంది. తాగు, చల్లారిపోతుంది."

టాల్మడ్జ్ కప్పు అందుకున్నాడు. అలవాటు చొప్పున తన స్క్రీన్ వైపు చూశాడు. చూసి కప్పు పెదవుల దగ్గరే ఆపేశాడు.

స్క్రీన్ మీద ఒక ఓడ ఉంది. ఒకటే. పేరు వెస్టా రివా. వంతెనకు చాలా ఎగువన, హ్యూరన్ సరస్సు మీద, దక్షిణంగా తల పెట్టి నెమ్మదిగా వస్తోంది.

నెల పైగా తిట్లు తిన్న రేడియో ఆ ఉదయం తనంతట తానే ఒక దూరపు ఓడను పట్టింది. అతని గుండె పొంగింది. డబ్బా మీద చెయ్యి వేసి నిమిరాడు కూడా. శభాష్ అని లోపల అనుకున్నాడు. తన హేంగరు తీగ, తన అతుకుల కేబులు ఇరవై మైళ్ళ మాట విన్నాయి.

"చూశావా, నీది కూడా పట్టింది," అంది కొరీన్. "గురువు మంచిదైతే మొద్దు కూడా వింటుంది."

"మొద్దు అంటే రేడియోనా, నేనా?"

"ఇద్దరూ."

అతను నవ్వాడు. కప్పు ఎత్తి ఒక గుక్క తాగాడు. గుక్క సగంలో ఉండగా కప్పు అంచు మీది నుంచి టమాటా నారు కనిపించింది. ఆకులు ఊదారంగులో మెరుస్తున్నాయి.

దీపం వెలుగుతోంది.

దీపం వెలుగుతుండగా ఈ రేడియోకు వంతెన అవతలి ఓడ ఎన్నడూ వినబడలేదు. పక్క మలుపులోదే వినబడలేదు. ఇవాళ మాత్రం ఇరవై మైళ్ళ అవతలిది వినబడుతోంది. అదీ ఒక్కటే. సరస్సు మీద ఇంకో ఓడే లేదా? మంచి యాంటెన్నా ఉన్నవాడికి ఈ అనుమానం రాదు. వాడి స్క్రీన్ మీద వంద ఓడల మధ్య ఇదీ ఒకటి. నెల పైగా ఏమీ వినలేక విసిగి చచ్చినవాడికే ఈ ఒక్క ఓడ ముల్లులా గుచ్చుకుంటుంది.

కప్పు కింద పెట్టాడు. రిసీవరు దగ్గరికి వంగాడు.

"ఏం చేస్తున్నావు?"

"అతుకు వదులైనట్టుంది." అంటూనే యాంటెన్నా కేబులును మరలు విప్పి లాగేశాడు.

ఇప్పుడా రేడియోకు చెవి లేదు. స్క్రీన్ ఖాళీ కావాలి.

ఓడ కదిలింది. కాసేపటికి ఇంకాస్త కదిలింది. చెవుల్లేని మనిషికి కూడా మాట వినబడుతోందంటే ఎవరో పక్కనే నిలబడి అరుస్తున్నట్టు. ఎంత పక్కన? రెండిళ్ళ అవతల కొబ్బరిచెట్టంత స్తంభం ఉంది.

మంచులో ఎక్కడో ఓడ కూత వినిపించింది. పొడుగ్గా, లోతుగా. దూరంగా కాదు. మలుపుకు ఎగువన, దగ్గరలోనే. తన పేరు చెప్పకుండా వస్తున్న ఓడ అది.

టాల్మడ్జ్ తలెత్తేసరికి హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఉంది. ఆమె తెల్ల గ్లోవులో చిన్న పిస్తోలు ఉంది, పౌడరు డబ్బీ అంత.

"పాఠం బాగానే వంటబట్టింది," అంది. నవ్వు అలాగే ఉంది. "ఆ ఫోను ఇటు తొయ్యి. నెమ్మదిగా."

తోశాడు. ఆమె దాన్ని ఫ్లాస్కులోని కాఫీలో వేసింది.

"ఓడ పేరు చెప్పే రేడియో పెట్టె?" అడిగాడు.

"పాడైంది. నదిలో దారి చూపటానికి ఓడెక్కిన పైలట్‌తో కెప్టెన్ అలాగే చెప్పాడు. పైలట్ ట్రాఫిక్ ఆఫీసుకు నోటితో చెప్పేశాడు. ఓడ ఎక్కడుందో ఈ నది మీద అందరికీ తెలుసు శిష్యా. ఎవరినీ అడక్కూడదని ఒట్టు పెట్టుకున్న మీకే తెలియదు."

"ఓడలోనే వాణ్ని పట్టుకోవచ్చు కదా. ఇంత నాటకం దేనికి?"

"దూకుతాడని తెలుసు. ఎవడో తెలియదు. పాతికమందిలో వెతికేకంటే నదికి వదిలేస్తే అదే చూసుకుంటుంది. పొరపాటున కాలు జారిన నావికుడు. పేపర్లో రెండు లైన్లు."

"నీకెందుకు అంత పట్టింది? నువ్వు మాకూ పని చేస్తున్నావు, వాళ్ళకూ పని చేస్తున్నావు. ఎటు తిరిగినా జీతమే."

ఆమె నవ్వు మొదటిసారి తగ్గింది. "వాడు చూసిన ముఖాల్లో నాది కూడా ఉంది."

మళ్ళీ కూత. ఇంకా దగ్గరగా. కిటికీ అద్దం సన్నగా వణికింది. గువ్వ ఈపాటికి కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటాడు. మంచులో ఎర్ర దీపం కోసం చూస్తూ ఉంటాడు. ఓడ దాన్ని దాటగానే దూకుతాడు. కింద పడవ ఉందో లేదో అతనికి కనబడదు. ఉందని నమ్మి దూకుతాడు.

టాల్మడ్జ్ ఒళ్ళు సడలించి కుర్చీలో వెనక్కి వాలాడు. ఓడిపోయినవాడిలా కాళ్ళు చాపాడు. గట్టు కింద గోడకున్న ప్లగ్గు ఎక్కడో అతని కాలికి తెలుసు. నెలరోజులుగా దాని వైపు ఆశగా చూడని పూట లేదు. బూటు కొన వైరులో దూర్చి లాగాడు.

ఊదా దీపం ఆరిపోయింది.

"దాన్నెందుకు ఆర్పావు?" కొరీన్ పిస్తోలు ఎత్తింది.

"సిగ్నల్ బాగా వస్తుందని."

ఒక చేత్తో అప్పటికే కేబులును తిరిగి రిసీవరుకు ఆనించాడు. స్క్రీన్ మీద చుక్కలు పొడిచాయి. ఒకటి, నాలుగు, పదిహేను. వంతెన దిగువవి, ఎగువవి, సరస్సు మీదవి. ఆమె కళ్ళు ఒక్క క్షణం అటు పోయాయి. గురువు కదా, చూడకుండా ఉండలేకపోయింది.

కింద రేవులో పడవ ఇంజను దగ్గి, అందుకుంది. చప్పుడు మంచులోకి దూరమైంది.

కొరీన్‌కు అప్పుడు అర్థమైంది. దీపం వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. ముఖం తెల్లబడింది. పిస్తోలు అతని గుండెకు సూటిగా వచ్చింది.

"ఎవరే నా దీపం ఆర్పింది?"

గుమ్మంలో ఇర్మా. చేతిలో మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా. ఆమెకు పిస్తోలు కనబడలేదు. చీకటిపడ్డ నారు ఒక్కటే కనబడింది. కొరీన్ తల అటు తిప్పింది. టాల్మడ్జ్ కిటికీలో నిలబెట్టిన హేంగరు తీగను పెరికి ఆమె మణికట్టు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ తీగ అంత బాగా పని చెయ్యటం అదే మొదలు. పిస్తోలు ఎగిరి టమాటా ట్రేలో పడింది. ఒక మొక్క మొదలుకంటా విరిగింది.

ఇర్మా విరిగిన మొక్కను చూసింది. కొరీన్‌ను చూసింది. డబ్బా కింద పెట్టింది.

"నా నారు మొత్తంలో బాగా పెరిగింది అదే," అంది నెమ్మదిగా. తరవాత పెద్దగా మాటలేమీ లేవు. బండెడు బట్టలు పిండిన చేతులవి. కొరీన్ కుర్చీలో కూలబడ్డాక లేవలేకపోయింది. సిగ్నల్ మింగే పాత కేబులుతో టాల్మడ్జ్ ఆమెను కుర్చీకి బిగించాడు. కేబులు దానికి చాలినంత ఉంది.

"హ్యూబర్టూ, నువ్వు బూట్లు అమ్మినవాడివి కాదు," అంది ఇర్మా.

"కాదమ్మా."

"అనుకున్నాను. నా చెప్పుల గురించి ఒక్కరోజూ మాట్లాడలేదు."

*

తరవాత చెయ్యటానికేమీ లేదు. అదే కష్టం. ఫోను కాఫీలో ఉంది. రేడియోను కిటికీ దగ్గరికి జరిపి, హేంగరు తీగను మళ్ళీ నిలబెట్టి, మిగిలిన పొట్టి కేబులుతో తగిలిస్తే స్క్రీన్ మీదికి ఓడలన్నీ వచ్చాయి. సరస్సు మీది దొంగ ఓడ తప్ప కావలసిన ఓడ లేదు, పడవ లేదు, నీళ్ళలో మనిషి లేడు. ఇన్నాళ్ళకు రేడియో బ్రహ్మాండంగా పని చేస్తోంది, చెప్పవలసిన ఒక్క సంగతి తప్ప అన్నీ చెబుతోంది. టాల్మడ్జ్ దాన్ని మూసేశాడు. కిటికీ తెరిచి చెవి బయట పెట్టాడు.

కూత ఇంటి ముందు నుంచే పోయింది. పెద్ద చీకటి లాంటిదేదో మంచు వెనక మెల్లగా జరిగింది. ఇంజను దడ నేలలోంచి పాదాలకు తెలిసింది. అది మలుపు వైపు వెళ్ళింది. తరవాత నిశ్శబ్దం.

"పడవ ఆలస్యమై ఉంటుంది," అంది కొరీన్ కుర్చీలోంచి. "నీకు ఆశ చూపించాలని అనటం లేదు. లెక్క చెబుతున్నాను."

ఇర్మా పొయ్యి వెలిగించి బఠాణీ సూప్ వెచ్చబెట్టింది. ఎవరి కోసమని అడగలేదు.

సూప్ మరిగి, ఆమె మంట తగ్గించాక, కింద చెక్క రేవుకు పడవ తగిలిన చప్పుడైంది. మెట్ల మీద రెండు జతల అడుగులు. ఒక జత ఈడుస్తోంది. డెల్ తలుపు తోసి, భుజానికి వేసుకున్న మనిషిని లోపలికి తెచ్చాడు. పెదవులు నీలంగా ఉన్నాయి, బట్టల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. పళ్ళు కొట్టుకోవటం మంచి గుర్తు. చచ్చినవాడి పళ్ళు చప్పుడు చెయ్యవు.

"దూకటం, నేను చేరటం ఒకటే," అన్నాడు డెల్. అతనికి అది ఉపన్యాసం.

ఇర్మా తడి బట్టలు లాగేసి బొంత చుట్టింది. సూప్ గిన్నె చేతుల మధ్య పెట్టి, వేళ్ళు వంగకపోతే తానే వంచింది. గువ్వ రెండు గుక్కలు తాగాడు. అప్పుడు అతని చూపు గది అంతా తిరిగి కుర్చీ మీద ఆగింది.

"ఈమె," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "అప్పుడు జుట్టు నల్లగా ఉండేది. మిగతావాళ్ళ సంగతి... కాస్త వేడెక్కాక చెబుతాను."

కొరీన్ కళ్ళు దించుకుంది. ఇక నవ్వలేదు. నవ్వు లేకపోతే ఆమె ముఖం ఎవరిదో తెలియదు.

మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. ఇర్మా ఇంటి ఫోనులో కబురందుకుని ఆఫీసు కార్లు రెండు వచ్చి ఒకదానిలో గువ్వను, ఇంకొకదానిలో కొరీన్‌ను ఎక్కించుకుపోయాయి. ఆమె పెరట్లో స్తంభం మొదట్లో దాచిన ట్రాన్స్‌మిటరు, సరస్సు మీద లేని ఓడ వస్తోందని ఇంకా చెబుతూనే ఉంది. డెల్ వెళ్ళి వైరు పీకాడు. తరవాత చేపలకు వెళ్ళిపోయాడు.

చీఫ్ ఇర్మా ఇంటి ఫోనుకు చేశాడు.

"శభాష్ టాల్మడ్జ్. నీ స్టేషన్ లేకపోతే మనిషి దక్కేవాడు కాదు. అసలైన యాంటెన్నా మంజూరు చేయించాను. ఆరు వారాల్లో వస్తుంది. అన్నట్టు, ఇప్పుడు అక్కడ పరిస్థితి ఎలా ఉంది?"

టాల్మడ్జ్ కిటికీ వైపు చూశాడు. ఇర్మా మోకాళ్ళ మీద కూర్చుని ప్లగ్గు గోడకు పెట్టింది. ఊదా వెలుగు నారంతా పరుచుకుంది. అప్పుడే తిరిగి తెరిచిన స్క్రీన్ మీద ఓడలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"ఒక్కటి తప్ప టమాటాలన్నీ బాగున్నాయి సార్."